పైకెత్తి తోయాలి

ముప్పై ఒక్కేళ్లు ఆయన పట్టీ ఇస్త్రీ చేశాను.
నీలం, తెలుపు, ఎరుపు. కొసన బంగారు కుచ్చులు.
కుచ్చులకు పెట్టె తగిలితే కమురు వాసన,
అందుకని తడిగుడ్డ వేసి, ఊపిరి బిగబట్టి.
వాల్‌బ్రియెర్ మేయర్ గిస్లాఁ పెరోదోకి
నేను గుమాస్తాను, ఓటరును కాను.
ఆయనకు తెలుసు. ఊరికీ తెలుసు.
తొమ్మిది వందల పన్నెండు మంది ఊళ్లో
రహస్య ఓటంటే
తెర వెనక దగ్గినట్టే.

మొదటిసారి నిలబడినప్పుడు పశువుల డాక్టరు.
చంకదాకా చెయ్యి పెట్టి
ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడను సర్దేవాడు
లెక్కలు సర్దలేడా అన్నారు జనం.
సర్దాడు. నీళ్ల ట్యాంకు కట్టించాడు.
చర్చి గంటకు కొత్త తాడు వేయించాడు,
తను చర్చికి వెళ్లేది ఎన్నికల ఏడాదే అయినా.
కరపత్రం మీద ఎప్పుడూ అవే మూడు మాటలు:
క్రమం, పొదుపు, సంప్రదాయం.
టైపు చేసేది నేనే.
ప్రతిసారీ పొదుపులో ఒక అక్షరం ఎగిరిపోయేది.
వేళ్లకి ఇష్టం లేదేమో.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు.
పార్లమెంటుకి ఎన్నికై పారిస్ వెళ్లాడు.
సోమవారం రాత్రి పోయే రైలు, గురువారం రాత్రి వచ్చే రైలు.
అక్కడ ఎర్ర మఖమల్ కుర్చీలోంచి
ఆసుపత్రుల ఖర్చు కోసే బిల్లుకి చెయ్యెత్తాడు.
పద్నాలుగు నెలలకు
పదకొండు కిలోమీటర్ల అవతల మా పురిటి వార్డు మూతపడింది.
ఆ గేటు ముందు, జనవరి వానలో
పట్టీ కట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డదీ ఆయనే.
"మా పిల్లలు రోడ్డు మీద పుట్టాలా?"
మైకు గీపెట్టింది. టోపీ అంచున నీళ్లు.
ఎవరూ నవ్వలేదు. గొడుగు పట్టింది నేను.
అక్కడ ఎత్తిన చెయ్యీ ఇక్కడ బిగించిన పిడికిలీ
ఒకే భుజానివి.
అంతకు మించి తీర్పు చెప్పడం నాకు చేతకాదు.

మగవాళ్లిద్దరు పెళ్లాడవచ్చన్న చట్టం వచ్చినప్పుడు
కాదని సభలో ఏడు నిమిషాలు మాట్లాడాడు.
ఆ ప్రసంగమూ నేనే టైపు చేశాను.
పొదుపు అన్న మాట లేదు గనక తప్పుల్లేవు.
మరుసటి వసంతంలో
చీజ్ కొట్టు తిబో, మంచు తోసే లారీ డ్రైవర్ యానిక్
దరఖాస్తు పెట్టుకున్నారు.
ఆ శనివారం ఆయన రాలేదు. గిత్తకి జబ్బన్నాడు.
పట్టీ సహాయకురాలు మదలెన్‌కి కట్టాం, ఆమెకి మోకాళ్లదాకా వేలాడింది.
కానీ పొద్దున్నే నేను తాళం తీసేసరికి
హాలు ఊడ్చి ఉంది. కుర్చీలు వరసలో ఉన్నాయి.
ఏళ్లుగా ఊగే సంతకాల బల్ల
ఊగడం మానేసింది.
వంగి చూశాను. కాలి కింద
నాలుగు మడతల కాగితం.
ఆ ఏడు నిమిషాలు.
ఆయన్ని అడగలేదు. కాగితం తీయనూ లేదు.

ఒకరికి రెండు పదవులు కూడదన్నప్పుడు
పారిస్ వదిలి ఈ ఇరుకు గది ఉంచుకున్నాడు.
పార్టీవాళ్లు వెర్రివాడన్నారు.
భార్య హమ్మయ్య అంది,
రెండేళ్లు రోజూ ఎదురుగా కూర్చుని చూసి, విడిగా వెళ్లిపోయింది.

పోయిన మార్చిలో ఆయన జాబితా పదిహేడు ఓట్లతో ఓడింది.
ఫలితం పైకి చదవాల్సిందీ ఆయనే.
మాయిలిస్ కొర్నుయే అని పలికేటప్పుడు
గొంతు వణకలేదు,
కళ్లజోడు మాత్రం రెండుసార్లు తుడిచాడు.
ఈసారి నేను ఆయనకే వేశాను.
చెప్తే ఎవరూ నమ్మరు, అందుకే చెప్పలేదు.

తాళాల గుత్తి ఆ అమ్మాయికిచ్చి
మెట్లు దిగబోయి, ఆగి, వెనక్కొచ్చాడు.
ఏదో పెద్ద మాట చెప్తాడనుకుని
ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.
"ఈ తలుపు," అన్నాడు, "వానాకాలం ఉబ్బుతుంది.
కాస్త పైకెత్తి తోయాలి."